వీల్ బేరింగు మార్పు: కారు ఇంట్లోనే, నకిల్ మాత్రం సంచిలో

కారు అరవై దాటగానే ఒక గుయ్‌మనే శబ్దం మొదలయ్యేది. ముందు ఈగ ముసిరినట్టు సన్నగా, ఎనభైకి వచ్చేసరికి పిండిమర పక్కన కూర్చున్నట్టు. నేను టైర్లనుకున్నాను, మా ఆవిడ రోడ్డు బాగోలేదంది, బంకు పక్కన గాలి కొట్టే కుర్రాడు మాత్రం అడగకుండానే "సార్, మీది బేరింగండీ" అన్నాడు. వాడికేం తెలుసులే అనుకుని ముందు టైర్లు వెనక్కి, వెనక టైర్లు ముందుకి మార్పించి, బ్యాలెన్సింగు కూడా చేయించి, డబ్బులు కట్టి బయటికొస్తే అరవై దగ్గర మళ్లీ అదే గుయ్. కుర్రాడిదే నిజమైంది, పోయింది వీల్ బేరింగే, అంటే చక్రం తేలిగ్గా తిరగడానికి దాని మధ్యలో ఉండే గోళీల రింగు.

మాది విజయవాడ. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలన్నీ మునిగినప్పుడు మా కారు కూడా చక్రాల సగం దాకా నీళ్లలో నిలబడింది. నీళ్లు పోయాక ఇంజిన్ ఆయిలు, గేర్ ఆయిలు, బ్రేకులు అన్నీ చూపించాను, బేరింగుల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. బేరింగుకి రెండు పక్కలా సీళ్లుంటాయి నిజమే, కానీ అవి తిరిగే చక్రం మీద చిందే నీళ్లని ఆపడానికి పెట్టినవి, రోజుల తరబడి మునిగి ఉండటానికి కాదు. పైగా దూరం నడిచి వేడెక్కిన బేరింగు ఒక్కసారిగా నీళ్లలో దిగితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుని, సీలు అంచు పక్కనుంచి నీటిని లోపలికి లాక్కుంటుంది. లోపలికెళ్లిన నీళ్లు ఇక బయటికి రావు, అదే సీలు వాటిని భద్రంగా దాచిపెడుతుంది. గ్రీజు పాలు కలిసిన కాఫీ రంగుకి మారుతుంది, గోళీలు నడిచే దారి మీద తుప్పు చుక్కలు పడతాయి, చుక్కలు పెచ్చులూడి గుంటలవుతాయి. అందుకే వరద వెళ్లిన వారంలో ఏ శబ్దమూ రాదు, నెలలు గడిచాక వస్తుంది, అప్పటికి వరదని మనం మర్చిపోయి ఉంటాం. వరద చూడని కార్లకి ఇదే పని గుంతలు చేస్తాయి, పేవ్‌మెంట్ అంచుకి ఎక్కించి పార్కింగు చేసే అలవాటు చేస్తుంది.

ఇక పని. ముందు రోగం ఖాయం చేసుకోండి, ఎందుకంటే బాగున్న బేరింగుని ఒకసారి బయటికి తీస్తే అది కూడా పోయినట్టే, మళ్లీ వేయడానికి పనికిరాదు.

టైరు శబ్దం రోడ్డుని బట్టి మారుతుంది, సిమెంటు రోడ్డు మీద ఒకలా, కొత్త తారు మీద ఇంకోలా. బేరింగుకి రోడ్డుతో పని లేదు, వేగంతోనే పని. ఖాళీ హైవే మీద డెబ్బైలో వెళ్తూ క్లచ్ తొక్కి ఇంజిన్ని నెమ్మదించనివ్వండి, శబ్దం ఏమాత్రం తగ్గకపోతే ఇంజిన్‌ది కాదన్నమాట. అదే వేగంలో, ముందూ వెనకా ఎవరూ లేరని చూసుకుని, స్టీరింగు కొంచెం కుడికీ కొంచెం ఎడమకీ ఆడించండి. కుడికి తిప్పినప్పుడు బండి బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది కాబట్టి అప్పుడు గుయ్ పెరిగితే ఎడమ బేరింగు మీద అనుమానం, ఎడమకి తిప్పినప్పుడు పెరిగితే కుడిది. ఇది పదిసార్లకి పదిసార్లూ నిజం చెప్పదు, వెనక చక్రం శబ్దం ముందు నుంచి వచ్చినట్టు కూడా వినిపిస్తుంది. స్టీరింగు పూర్తిగా కోసి తిప్పినప్పుడు టకటకమంటే మాత్రం అది డ్రైవ్ షాఫ్ట్ చివరి జాయింటు, దాని కథ వేరు.

తరువాత జాకీ పెట్టి చక్రం లేపి, పైనా కిందా, అంటే గడియారంలో పన్నెండు, ఆరు ఉండే చోట్ల రెండు చేతులతో పట్టుకుని ఊపండి. కటకటమని ఆడితే ఇంట్లో ఎవరినైనా బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కితే ఆట పోయిందంటే బేరింగు, తొక్కినా ఆడుతుంటే కింద సస్పెన్షన్‌కి కలిపే బాల్ జాయింటో ఇంకోటో. పక్కకి ఊపితే వచ్చే ఆట టై రాడ్ ఎండ్‌ది, అంటే స్టీరింగు కడ్డీ చివరి జాయింటుది కూడా కావచ్చు. అస్సలు ఆడకపోతే బేరింగు బాగుందని అనుకోకండి, నాది వెంట్రుకంత కూడా ఆడలేదు. నాకు దొరికింది ఇంకో చోట: ఒక చేత్తో చక్రం గట్టిగా తిప్పి రెండో చేతి వేళ్లు సస్పెన్షన్ స్ప్రింగు మీద ఆనించాను. కుడి వైపు ఏమీ తెలియలేదు, ఎడమ వైపు స్ప్రింగులోంచి వేళ్లలోకి ఇసుక నూరుతున్నట్టు గరగర వచ్చింది. ఆ తరువాత వేరే పరీక్ష అక్కర్లేదు.

మీ కారుకి ఏ రకం బేరింగుందో కూడా మొదలెట్టకముందే తెలుసుకోవాలి, ఎందుకంటే పని కష్టం దాని మీదే ఆధారపడి ఉంటుంది. నకిల్ అంటే తెలియనివాళ్లకి: చక్రాన్ని మోస్తూ, స్టీరింగు తిప్పితే తిరిగే ఆ పెద్ద ఇనుప ముద్ద. హబ్బు అంటే చక్రాన్ని బిగించే, దాంతో పాటు తిరిగే ముక్క. కొన్నిటికి హబ్బు, బేరింగు కలిసి ఒకటే ముక్కగా వస్తాయి, నకిల్ వెనకనుంచి మూడో నాలుగో బోల్టులు ఊడదీస్తే ఊడుతుంది, కొత్తది బిగిస్తే అయిపోతుంది. మీది అలాంటిదైతే అదృష్టవంతులు, ఇందులో ప్రెస్సు గురించి రాసిన భాగం వదిలేయండి. పాత బళ్లలో, ట్రాక్టర్లలో టేపర్ రోలర్లు ఉంటాయి, వాటి గురించి చివర్లో చెప్తాను. మన చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాలకి ఉండేది నకిల్‌లోకి ఒత్తి కూర్చోబెట్టే రకం: ఒకే బేరింగులో రెండు వరసల గోళీలు, బయటి రింగు నకిల్‌లో బిగువుగా, లోపలి రింగులు హబ్బు మీద బిగువుగా. నాదీ అదే, కింద చెప్పేదంతా దాని గురించే. నకిల్ అంటే తెలియనివాళ్లకి: చక్రాన్ని మోస్తూ, స్టీరింగు తిప్పితే తిరిగే ఆ పెద్ద ఇనుప ముద్ద.

బేరింగు కొనేటప్పుడు కారు పేరు చెప్తే సరిపోదు, ఒకే కారుకి పెట్రోలుకి ఒకటి, డీజిలుకి ఒకటి, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది) ఉంటే ఒకటి, లేకపోతే ఒకటి ఉంటాయి. నంబరు చూడండి. డీఏసీ 39720037 అని ఉంటే అదేదో రహస్య సంకేతం కాదు, లోపలి రంధ్రం 39 మిల్లీమీటర్లు, బయటి కొలత 72, వెడల్పు 37 అని అర్థం. షాపులోనే వెర్నియర్ పెట్టి కొలిచి చూసుకోవచ్చు. ఎస్‌కేఎఫ్, ఎఫ్‌ఏజీ, టిమ్‌కెన్, జైపూర్‌లో తయారయ్యే ఎన్‌బీసీ, వీటిలో ఏదైనా నిజమైనది దొరికితే చాలు, నిజమైనది అనే మాటే ముఖ్యం. డబ్బా చూసి మోసపోకండి, డబ్బా అచ్చువేయడం చాలా తేలిక. ఎస్‌కేఎఫ్ వాళ్లకి అథెంటికేట్ అనే యాప్ ఉంది, అనుమానం వస్తే దాంతో చూసుకోవచ్చు. నాకు మొదట ఒక షాపులో సగం ధరకే ఇస్తానన్నారు. బేరింగు చేతిలోకి తీసుకుని చూస్తే రింగు మీద అక్షరాలు ఒకచోట లోతుగా, ఒకచోట చెరిగిపోయి ఉన్నాయి. నమస్కారం పెట్టి వచ్చేశాను.

బేరింగుతో పాటు కొత్త యాక్సిల్ నట్టు (చక్రం మధ్యలో డ్రైవ్ షాఫ్టు చివర ఉండే పెద్ద నట్టు), కొత్త సర్‌క్లిప్ (బేరింగు జారకుండా గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు), కొత్త స్ప్లిట్ పిన్నులు తెచ్చుకోండి. రెండు వైపులా మార్చాలా అని అడుగుతారు అందరూ. బ్రేకు ప్యాడ్లలా ఇవి జతగా మార్చాల్సినవి కావు, ఏది అరుస్తుంటే దాన్నే మార్చండి. వరదలో మునిగిన కారైతే మాత్రం రెండోది కూడా వరసలోనే ఉందని అనుకుని దాని డబ్బులు పక్కన పెట్టుకోండి.

పనిముట్లలో ఖర్చు పెట్టాల్సింది రెండింటి మీదే, జాక్ స్టాండ్లు, టార్క్ రెంచి (నట్టు ఎంత బిగిసిందో అంకెలో చెప్పే రెంచి). మిగతావి, అంటే యాక్సిల్ నట్టుకి సరిపోయే పెద్ద సాకెట్, దాని పొడుగు హ్యాండిలు, మీదకి ఎక్కించడానికి మీటరు ఇనుప గొట్టం, రెండు కేజీల సుత్తి, సర్‌క్లిప్ ప్లయరు, ఇవన్నీ అడిగితే ఎవరో ఒకరి దగ్గర దొరుకుతాయి. సాకెట్ సైజు చాలా చిన్న కార్లకి 30 లేదా 32 ఉంటుంది, ముందే కొలుచుకుని తెచ్చుకోండి, నేను కొలవకుండా 32 తెచ్చి ఆదివారం పొద్దున షాపులు తెరిచేదాకా కూర్చున్నాను. తుప్పు వదిలించే స్ప్రే ముందురోజు రాత్రే నట్లన్నిటికీ కొట్టి వదిలేయండి, రాత్రంతా నానితే తెల్లారి మీ భుజాలకి సగం పని తగ్గుతుంది.

జాక్ స్టాండ్ల గురించి ఒకే మాట. డిక్కీలో ఉండే జాకీ స్టెప్నీ మార్చడానికి ఇచ్చినది, దాని మీద కారు నిలబెట్టి కింద చెయ్యి కూడా పెట్టకండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు అసలే వద్దు, బరువు ఒక మూల మీద పడగానే హఠాత్తుగా పగులుతాయి, ముందు చెప్పి పగలవు. గట్టి గచ్చు మీద స్టాండు పెట్టి, వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్లు అడ్డుపెట్టి, ఊడదీసిన చక్రాన్ని కూడా పడుకోబెట్టి కారు అంచు కిందకి తోసేయండి, స్టాండు జారినా చక్రం కాచుకుంటుంది.

కారు నేల మీద ఉండగానే ముందు యాక్సిల్ నట్టు సంగతి చూడాలి. చక్రం మధ్య మూత తీస్తే కనిపిస్తుంది, దాని అంచుని షాఫ్టు గాడిలోకి కొట్టి నొక్కి ఉంటారు, సన్న ఉలి పెట్టి ఆ నొక్కుని పైకి లేపండి. లేపకుండా తిప్పితే షాఫ్టు మర పాడవుతుంది, అప్పుడు బేరింగు కాదు, డ్రైవ్ షాఫ్టు కొనాలి. ఇంట్లోవాళ్లని బ్రేకు తొక్కి పట్టుకోమని, సాకెట్, హ్యాండిలు, గొట్టం ఎక్కించి కాలితో నెమ్మదిగా బరువు వేయండి. కుదుపులు వద్దు. నాది కదిలినప్పుడు వచ్చిన చప్పుడికి పక్కింటాయన బయటికొచ్చాడు. కదిలాక పూర్తిగా ఊడదీయకండి, చక్రం నట్లు కూడా కొంచెం వదులు చేసి అప్పుడు కారు లేపండి.

ఇక్కడో విషయం చాలామంది మెకానిక్కులు కూడా పట్టించుకోరు. ఈ రకం బేరింగులో లోపలి రింగు రెండు ముక్కలు, ఆ రెండిటినీ దగ్గరగా అదిమి పట్టేది ఆ యాక్సిల్ నట్టే. నట్టు వదులుగా ఉన్నప్పుడు కారు బరువు చక్రం మీద వేసి ముందుకీ వెనక్కీ దొర్లిస్తే గోళీలు అంచుల మీద నడిచి బేరింగు అక్కడికక్కడే దెబ్బతింటుంది. పాత బేరింగైతే పోనీ, కొత్తది వేశాక కూడా ఇది గుర్తుండాలి.

చక్రం తీశాక ఏబీఎస్ ఉంటే దాని సెన్సారు చిన్న బోల్టు తీసి, తిప్పుతూ నెమ్మదిగా బయటికి తీయండి, వైరు పట్టి లాగితే ఆ సెన్సారు ఖరీదు బేరింగుని మించిపోతుంది. బ్రేకు ప్యాడ్లని పట్టి ఉంచే కాలిపర్ని దాని బ్రాకెట్‌తో సహా వెనక ఉన్న రెండు పెద్ద బోల్టులు ఊడదీసి తీసి, బైండింగు వైరుతో స్ప్రింగుకి వేలాడదీయండి, బ్రేకు గొట్టం మీద దాని బరువు పడకూడదు. ఆ తరువాత పని పూర్తయ్యేదాకా ఎవరూ బ్రేకు తొక్కకూడదు, పిల్లలు కారెక్కి ఆడుకునే ఇల్లయితే తాళం వేసేయండి. డిస్కు తుప్పు పట్టి రాకపోతే సుత్తితో వాయించకండి, చాలా డిస్కులకి రెండు మర రంధ్రాలు ఉంటాయి, వాటిలో సరిపోయే బోల్టులు రెండూ సమంగా బిగిస్తూ పోతే అదే తోసుకుని బయటికొస్తుంది.

టై రాడ్ ఎండ్ నట్టు తీశాక బాల్ జాయింటు దానంతట అది రాదు, కోన్‌లా బిగుసుకుని ఉంటుంది. మర పైన కాదు, నకిల్ చెవి పక్కన గట్టిగా రెండు దెబ్బలు వేస్తే టక్కున జారుతుంది. కింది బాల్ జాయింటుకి అడ్డంగా ఉన్న బోల్టు పూర్తిగా బయటికి తీసి, లోయర్ ఆర్మ్‌ని గడ్డపారతో కిందకి అదిమితే వస్తుంది. పైన షాక్ అబ్జార్బరుకి నకిల్‌ని పట్టి ఉంచే రెండు బోల్టులు తీసేముందు మాత్రం వాటి తలల చుట్టూ, నకిల్ అంచు వెంట పెయింటుతోనో, మా ఇంట్లోలా నెయిల్ పాలిష్‌తోనో గీత పెట్టుకోండి. చక్రం వాలు అక్కడే నిర్ణయమవుతుంది, బిగించేటప్పుడు గీతకి గీత కలిస్తే అలైన్‌మెంటు షాపుకి వెళ్లేదాకా కారు తిన్నగా నడుస్తుంది.

ఇప్పుడు యాక్సిల్ నట్టుని షాఫ్టు చివరతో సమంగా వచ్చేదాకా తిప్పి ఉంచి, దాని మీద చెక్క ముక్క పెట్టి కొడితే షాఫ్టు లోపలికి జారుతుంది. నట్టు తీసేసి నకిల్‌ని బయటికి లాగేటప్పుడు షాఫ్టుని మాత్రం లాగకండి, వేలాడనివ్వకండి, గేరుబాక్సు వైపు జాయింటు విడిపోతే సాయంత్రానికి కారు దిక్కులేక అక్కడే ఉంటుంది, పైగా గేర్ ఆయిలు గచ్చు మీద. తాడుతో పైకి కట్టేయండి. చేతిలో ఉన్న నకిల్ బరువు ఎంతో అప్పుడు తెలుస్తుంది, మంచి గోనెసంచి చూసుకోండి.

సంచి ఎందుకంటే, ఇక్కడిదాకా ఇంటి పని, ఇక్కడినుంచి ప్రెస్సు పని. యూట్యూబులో సుత్తితో, పాత సాకెట్లతో బేరింగు కొట్టి కూర్చోబెట్టేవాళ్లు కనిపిస్తారు, కూర్చుంటుంది కూడా, కానీ రెండు మూడు నెలలకి మళ్లీ అరుస్తుంది, అప్పుడు బేరింగు కంపెనీని తిడతారు. కారణం చెప్తాను, ఈ మొత్తంలో ఇదొక్కటి గుర్తుంటే చాలు. బేరింగుని నకిల్‌లోకి ఒత్తేటప్పుడు బిగువుండేది బయటి రింగుకి, కాబట్టి తోపు బయటి రింగు మీదే పడాలి. హబ్బుని బేరింగులోకి ఒత్తేటప్పుడు బిగువుండేది లోపలి రింగుకి, కాబట్టి కిందనుంచి లోపలి రింగుకే ఆసరా ఉండాలి. ఇది తారుమారైతే ఆ టన్నుల బరువంతా ఒక రింగు నుంచి గోళీల మీదుగా రెండో రింగుకి వెళ్తుంది. గోళీ రింగుని తాకేది చుక్కంత చోట. అంత బరువు ఆ చుక్క మీద పడితే ఒక్కో గోళీ కింద ఒక్కో చిన్న గుంట పడుతుంది, కంటికి కనపడదు, చేత్తో తిప్పినా నున్నగానే ఉంటుంది, డెబ్బై వేగంలో మాత్రం వినిపిస్తుంది. సుత్తి దెబ్బ కూడా చేసేది ఇదే, ఇంకా త్వరగా.

నేను ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకి పట్టుకెళ్లాను. విజయవాడలో ఉన్నవాళ్లకి ఈ విషయంలో దిగులు లేదు, హైడ్రాలిక్ ప్రెస్సు లేని వీధి అక్కడ వెతకాలి. మీ ఊళ్లో ఆటోనగర్ లేకపోతే ట్రాక్టర్లు బాగుచేసే చోట అడగండి, ప్రెస్సు ఉంటుంది. నాకు మూడొందలు తీసుకున్నారు. ఆ మూడొందలకి రెండు వేల బేరింగు బతికింది కాబట్టి బేరం ఆడలేదు. ఇచ్చేసి టీకి వెళ్లిపోకండి, పక్కనే నిలబడి తోపు ఎక్కడ పడుతుందో చూడండి, తప్పనిపిస్తే ఆపమని చెప్పండి. పెద్ద మెకానిక్కుకి చెప్పడం ఇబ్బందిగానే ఉంటుంది. "అన్నా, కింద లోపలి రింగుకి బుష్ పెట్టావా" అని నేను అడిగితే ఆయన నన్ను ఎగాదిగా చూసి, పక్కనున్న డబ్బాలోంచి సరిపోయే గొట్టం ముక్క తీసి పెట్టాడు. అడగకపోతే పెట్టేవాడా అంటే చెప్పలేను.

అక్కడ జరిగే వరస ఇలా ఉంటుంది. ముందు హబ్బుని నకిల్‌లోంచి బయటికి తోస్తారు, అది వస్తూ వస్తూ బేరింగు లోపలి రింగులో ఒక ముక్కని తనతో తెచ్చేస్తుంది. ఆ ముక్కని హబ్బు మీదనుంచి పుల్లరుతో లాగాలి, రాకపోతే గ్రైండరుతో రింగు మీద గాటు పెట్టి ఉలితో ఒక దెబ్బ వేస్తే చిట్లి వదులవుతుంది. గాటు హబ్బుదాకా దిగితే హబ్బు పోయినట్టే, కొంచెం మిగిలి ఉండగానే ఆపమనండి. బేరింగు ఉక్కు చాలా గట్టిది, పెళుసుగా పగిలి ముక్కలు ఎగురుతాయి, చూస్తున్న మీరు కూడా కళ్లద్దాలు పెట్టుకోండి. తరువాత సర్‌క్లిప్ తీసి, పాత బేరింగుని ప్రెస్సుతో తోసేసి, నకిల్ రంధ్రం కిరసనాయిలుతో కడిగి, తుప్పు పొర ఉంటే సన్న ఎమెరీ కాగితంతో తీసి, వేలితో చుట్టూ తడిమి చూడండి. గీతలు లోతుగా ఉన్నా, కొత్త బేరింగు చేత్తోనే జారిపోయేంత వదులుగా ఉన్నా కొత్త బేరింగు అక్కడ నిలవదు, లోపల తిరిగిపోతుంది, అప్పుడు నకిల్ మార్చాల్సిందే.

కొత్త బేరింగుని ముందురోజు రాత్రి ప్లాస్టిక్ కవరులో గట్టిగా కట్టి ఫ్రీజర్లో పెట్టాను, ఐసు ట్రే పక్కన. ఇంట్లో మాట పడ్డాను, పని మాత్రం చేసింది. లెక్క వేసుకోండి, ఉక్కు ఒక డిగ్రీకి మీటరుకి 0.012 మిల్లీమీటర్లు ముడుచుకుంటుంది, 72 మిల్లీమీటర్ల బేరింగు 35 డిగ్రీల నుంచి మైనస్ 18కి వెళ్తే సుమారు 0.045 మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఏమంత అనిపించదు గానీ ఆ బిగువులు కూడా వందో వంతు మిల్లీమీటరు లెక్కల్లోనే ఉంటాయి. నకిల్ని ఎండలో పెడితే ఇంకొంచెం కలిసొస్తుంది, మే నెల విజయవాడ డాబా మీద అయితే వేరే పొయ్యి అక్కర్లేదు. ఐసు డబ్బాలో పెట్టుకుని తీసుకెళ్లి, తీసిన వెంటనే తడి తుడిచి ఒత్తించండి. మంటతో బేరింగుని వేడిచేయడం మాత్రం ఎప్పుడూ వద్దు, లోపల గ్రీజు, సీళ్లు ఉంటాయి.

ఏబీఎస్ ఉన్న కార్లలో చాలావాటికి బేరింగు ఒక వైపు సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉంటుంది, అది సెన్సారు ఉన్న వైపుకి, అంటే సాధారణంగా ఇంజిన్ వైపుకి రావాలి. రెండు వైపులూ పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది, ఆ వైపు గోధుమ రంగులోనో నల్లగానో నున్నగా ఉంటుంది. తిరగేసి కొట్టేస్తే కారు నడుస్తుంది కానీ ఏబీఎస్ లైటు ఆరదు, మళ్లీ తీస్తే బేరింగు పాడవుతుంది, అంటే ఇంకోటి కొనాలి. స్పీకరు అయస్కాంతాల పక్కన, స్క్రూలు అంటించుకునే అయస్కాంతపు ట్రేలో బేరింగుని పెట్టకండి, ఆ పట్టీ చెడిపోతుంది. ఒత్తడం అయ్యాక కొత్త సర్‌క్లిప్ గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో స్క్రూడ్రైవరుతో చుట్టూ తడిమి చూసి, దుమ్ము రేకు పెట్టి, అప్పుడు హబ్బు ఒత్తించండి. హబ్బుని చేత్తో తిప్పితే గ్రీజులో తిరిగినట్టు బరువుగా, నున్నగా తిరగాలి, ఎక్కడా పట్టినట్టు ఉండకూడదు.

ఇంటికొచ్చాక తీసిన వరసకి ఎదురుగా బిగించుకుంటూ పోవడమే, దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. షాఫ్టు పళ్లకి కొంచెం గ్రీజు రాయండి, నెయిల్ పాలిష్ గీతలు కలపండి, స్ప్లిట్ పిన్నులు కొత్తవి వేయండి. యాక్సిల్ నట్టు దగ్గర మాత్రం ఆగండి. కారు స్టాండ్ల మీద ఉండగానే, కాలిపర్ బిగించి, ముందు ఇంజిన్ ఆన్ చేయకుండా బ్రేకు పెడలు గట్టిపడేదాకా పంపు చేసి, అదే బ్రేకు తొక్కించి కొత్త నట్టుని మామూలు హ్యాండిలుతో బాగా బిగించండి. తరువాత చక్రం వేసి నేలకి దించి, కారు అంగుళం కూడా కదలకుండా టార్క్ రెంచితో చివరి బిగింపు. అంకె మీ కారు సర్వీసు మాన్యువల్‌లోదే వాడండి, చిన్న కార్లకి తరచుగా 175 నుంచి 250 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. 200 అంటే మీటరు గొట్టం చివర ఇరవై కేజీల బియ్యం మూట వేలాడదీసినంత తోపు. గాలి గన్నుతో ధడధడమని బిగించేసేవాళ్లు ఉంటారు, అది ఎంత బిగిసిందో గన్నుకీ తెలియదు, పట్టుకున్నవాడికీ తెలియదు. తక్కువైతే లోపలి రింగులు విడిపోతాయి, మరీ ఎక్కువైతే బేరింగు వేడెక్కుతుంది. బిగించాక నట్టు అంచుని షాఫ్టు గాడిలోకి ఉలితో నొక్కేయడం మర్చిపోకండి.

టేపర్ రోలర్ల సంగతి చెప్తానన్నాను. ట్రాక్టర్ ముందు చక్రాలు, ట్రక్కు సామాను చూసినవాళ్లకి ఇవి తెలిసినవే: శంకు ఆకారంలో రోలర్లు, లోపల ఒకటి, బయట ఒకటి, ఎదురెదురుగా. 1898లో దీనికి పేటెంటు తీసుకున్న హెన్రీ టిమ్‌కెన్ అమెరికాలో గుర్రపు బళ్లు చేసే మనిషి, బండి మలుపు తిరిగినప్పుడు పక్కకి పడే బరువు మోయలేక మామూలు బేరింగులు అరిగిపోతున్నాయని దీన్ని చేశాడు. వీటికి ప్రెస్సు అక్కర్లేదు, కప్పుని, అంటే బయటి రింగుని, ఇత్తడి కడ్డీతో ఆ పక్కా ఈ పక్కా మార్చి మార్చి కొడుతూ దించొచ్చు. కప్పు, రోలర్లు ఎప్పుడూ జతగానే మార్చాలి, పాత కప్పులో కొత్త రోలర్లు వేసి మిగుల్చుకునేది ఏమీ ఉండదు. గ్రీజుని పైపైన పూయకండి, అరచేతిలో ముద్ద పెట్టుకుని బేరింగు వెడల్పు అంచుని దాంట్లోకి ఒత్తుతూ పోతే రోలర్ల సందుల్లోంచి రెండో వైపుకి పురుగుల్లా బయటికొస్తుంది, చుట్టూ అలా వచ్చేదాకా ఒత్తాలి. ఇక్కడ నట్టు బిగువు పూర్తిగా వేరే లెక్క. చక్రం తిప్పుతూ నట్టుని గట్టిగా బిగించి రోలర్లని కూర్చోనిచ్చి, మళ్లీ పూర్తిగా వదులు చేసి, వేళ్లతో మాత్రమే బిగించి, పిన్ను రంధ్రం కలవకపోతే ముందుకి కాదు, వెనక్కి తిప్పి కలపాలి. యాక్సిల్ నట్టులా గొట్టం వేసి బిగిస్తే పది కిలోమీటర్లలో హబ్బు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది.

నాది పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే ఆటోనగర్ ప్రయాణంతో కలిపి సాయంత్రం నాలుగున్నర అయింది. అందులో ఆ 32 సాకెట్ పుణ్యమా అని పోయిన గంటన్నర ఉంది. ముందు వీధిలోనే నెమ్మదిగా రెండు చుట్లు వేసి బ్రేకులు చూసుకుని, ఆగి హబ్బు మీద చెయ్యి పెట్టి రెండో వైపు హబ్బుతో పోల్చి చూసి, అప్పుడు హైదరాబాదు హైవే ఎక్కాను. గొల్లపూడి దాటాక అరవై, డెబ్బై, ఎనభై. గుయ్ లేదు. అప్పటిదాకా దాని వెనక దాక్కున్న డాష్‌బోర్డు కిరకిర ఒకటి కొత్తగా వినపడింది, దాన్ని ఇంకా పట్టుకోలేదు. యాభై కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లు ఇంకోసారి బిగించి చూశాను, ఒకటి పావు చుట్టు తీసుకుంది. అలైన్‌మెంటు మర్నాడు చేయించాను.

పాత బేరింగు బయటి రింగు పారేయలేదు. దాని బయటి అంచుని గ్రైండరు మీద కొంచెం అరగదీయించి, పక్కన ఒక గాటు పెట్టించి అరలో పెట్టాను. కుడి వైపు బేరింగు ఒత్తించే రోజున కొత్తదాని మీద పెట్టి తోయడానికి అచ్చం ఆ కొలతకే ఇంతకంటే మంచి రింగు దొరకదు, గాటు ఉంది కాబట్టి నకిల్‌లో ఇరుక్కోదు. ఈ మధ్య ఎడమకి తిప్పినప్పుడు సన్నగా ఏదో వినపడుతోంది.